నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్‌ని 2 టీబీ ఎస్ఎస్డీల మీదికి దించడం ఎట్లా?

స్లాబుల_లెక్క

అందరికీ నమస్తే. మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో అకౌంట్సు చూస్తాను. కంప్యూటర్లు కూడా నా నెత్తినే పడ్డాయి, ఆఫీసు మొత్తంలో లినక్స్ అన్న మాట విన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

2019లో ఒక పాత డెస్క్‌టాప్ తీసుకుని అందులో నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులు పెట్టి రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేట్టు నాలుగిటినీ కలిపిన అర్రే, కట్టాను. లినక్స్‌లో రెయిడ్ నడిపే ఎండీఆడమ్‌తోనే, వేరే కార్డులేమీ లేవు. దాని మీద నేరుగా ఈఎక్స్‌టీ4, మధ్యలో ఎల్వీఎం (జాగాని తర్వాత మళ్లీ పంచుకోనిచ్చే పొర) పెట్టలేదు, అప్పట్లో అదేంటో నాకు తెలియదు. సిస్టమ్ మాత్రం బోర్డు మీదున్న చిన్న ఎం.2 డ్రైవులో వేరుగా ఉంది. బోర్డుకి సాటా పోర్టులు నాలుగే. జాగా చూపించే డీఎఫ్ కమాండు కొడితే మొత్తం 11 టీబీ, వాడింది 2.8 టీబీ అని చూపిస్తోంది.

అందులో ఉండేది ముఖ్యంగా స్లాబుల ఫోటోలు. పాలిష్ అయిన ప్రతి స్లాబునీ స్టాండుకి ఆనించి, నీళ్లు కొట్టి తుడిచి, బ్లాకు నంబరు, స్లాబు నంబరు కనపడేట్టు ఫోటో తీస్తాం. బయటి దేశంలో కొనేవాడు ఆ ఫోటో పెద్దది చేసుకుని గెలాక్సీ చుక్కలు ఒకే తీరుగా ఉన్నాయా, ఎక్కడన్నా తెల్ల గీత పోయిందా అని చూసుకుని అప్పుడు ఆ బండిల్‌కి సరే అంటాడు. నాలుగేళ్ల కిందటి ఫోటో అడిగి, అదే రకం కావాలనేవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి పాతవని తీసేయడానికి లేదు.

పోయిన నెల నుంచి ఒక డిస్కు సతాయిస్తోంది. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌లో రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడైనవని డిస్కు పక్కనబెట్టిన చోట్లు) 8 ఉండేవి, ఇప్పుడు 300 దాటాయి. మా సారుకి చెప్తే ఏదో ఆఫర్లో ఉన్నాయని నాలుగు 2 టీబీ ఎస్ఎస్డీలు తెప్పించారు. చిన్నవి కదా సార్ అంటే, "డేటా మూడు టీబీ కూడా లేదంటివి గదయ్యా, నాలుగు రెండ్లు ఎనిమిది, చాలవా?" అన్నారు. ఆ లెక్కకి నా దగ్గర సమాధానం లేకపోయింది.

సరే అని ఆ పాడయ్యే డిస్కుని ఫెయిల్ కొట్టి, తీసేసి, ఆ పోర్టులో ఎస్ఎస్డీ పెట్టి యాడ్ చేయబోతే, అర్రేలో చేరడానికి ఈ డివైసు సైజు చాలదని తోసేసింది. రెండ్రోజులుగా మూడు డిస్కుల మీదే డిగ్రేడెడ్‌గా నడుస్తోంది. శుక్రవారం కంటెయినర్ లోడింగ్ ఉంది, ఆ ఫోటోలు, ప్యాకింగ్ లిస్టులు అన్నీ దీంట్లోనే. ఫైల్ సిస్టమ్‌ని కుదించి, ఒక్కో డిస్కూ మార్చుకుంటూ పోవచ్చా? అట్లా ఎవరన్నా చేశారా? నాకు బాగా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_రూట్

చేయొచ్చు బ్రో. ఈఎక్స్‌టీ4 కాబట్టి కుదించడం కుదురుతుంది, కాకపోతే మౌంట్ తీసేసి చేయాలి, నడుస్తుండగా పెంచడం వీలవుతుంది గానీ తగ్గించడం కాదు.

వరస ఇది. ముందు అన్‌మౌంట్. తర్వాత ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే బలవంతంగా ఒకసారి. రీసైజ్2ఎఫ్‌ఎస్‌తో ఫైల్ సిస్టమ్‌ని 5 టీబీకి దించు. అది అయ్యాక ఎండీఆడమ్‌లో గ్రో, దానికి సైజ్ ఆప్షన్. పేరు గ్రో అయినా తగ్గించడానికీ అదే. ఇక్కడ ఇచ్చే సైజు మొత్తం అర్రేది కాదు, ఒక్కో డిస్కులో ఎంత వాడాలో అది, అదీ 1024 బైట్ల లెక్కలో. నీ 2 టీబీ డిస్కు మామూలుగా 195,35,14,584 కేబీ ఉంటుంది. మెటాడేటాకి కొంత పోతుంది కాబట్టి గట్టుకి ఆనించకుండా 190,00,00,000 ఇవ్వు. మూడు రెట్లు వేస్తే అర్రే సుమారు 5.3 టీబీ, లోపల ఫైల్ సిస్టమ్ 5, కాబట్టి మధ్యలో జాగా ఉంటుంది. బిట్‌మ్యాప్ (మారిన చోట్ల గుర్తుల పట్టీ) ఉంటే సైజు మార్చే ముందు తీసేయమంటుంది, తీసేసి తర్వాత పెట్టుకో. ఆ తర్వాత ఒక్కో ఎస్ఎస్డీ యాడ్ చేసి రీబిల్డ్ (దాని మీద డేటా తిరిగి కట్టడం), నాలుగూ అయ్యాక అర్రేని, ఫైల్ సిస్టమ్‌ని పూర్తిగా సాగదీసుకో.

ఫోన్లోంచి రాస్తున్నా, ఆప్షన్ల స్పెల్లింగులు మాన్యువల్ పేజీలో చూసుకో.

మూలాపేట_కెమెరా

పై తమ్ముడు చెప్పిన వరస కరెక్టే. ఆ వరస తిరగేస్తే ఏమవుతుందో నేను చెప్తా, ఎందుకంటే తిరగేసింది నేను.

మాది నెల్లూరు, పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు. కొన్నేళ్ల కింద ఇట్టాగే మూడు 3 టీబీ డిస్కుల నుంచి 2 టీబీల మీదికి దిగుదామని కూర్చున్నా. మాఘమాసం, ముహూర్తాలు వరసగా ఉండాయి, పగలు టైమ్ లేదు. రాత్రి ఒంటిగంటకి స్టూడియో షట్టరు సగం దించుకుని మొదలుపెట్టా. నిద్రమత్తో ఏమో, ఫైల్ సిస్టమ్ కంటే ముందు అర్రే సైజు తగ్గించేశా. ఎండీఆడమ్ కిక్కురుమనలేదు, చక్కగా చేసేసింది. మౌంట్ కొడితే బ్లాకుల సంఖ్య డివైసు సైజు కంటే ఎక్కువుందని ఒక లైను వేసి ఆగిపోయింది. అందులో పదకొండు పెళ్లిళ్ల ఫుటేజీ ఉంది అబ్బయ్యా. చేతులు చల్లబడ్డాయి.

మా బావమరిది కొడుకు బీటెక్, వాడూ పక్కనే ఉన్నాడు. ఎఫ్‌ఎస్‌సీకే కొడదాం మామా, అన్నిటికీ ఎస్ అనే ఆప్షన్ ఉంది, అదే బాగుచేసుకుంటది అంటాడు. కమాండు టైపు చేశాడు కూడా, ఎంటర్ కొట్టలేదంతే. ఆ టైములో చెన్నైలో ఉండే మా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేస్తే, వాడు నిద్రలోంచి లేచి మొదట అన్న మాట "చేతులు కీబోర్డు మీంచి తియ్యి" అని. తర్వాత చెప్పాడు, నువ్వు గీత జరిపావు గానీ గీత అవతల ఉన్నదాన్ని ఎవరూ చెరపలేదు, అదే గ్రో కమాండుతో సైజు మళ్లీ వెనక్కి పెంచు, మాక్స్ అని ఇవ్వు అని. పెంచా. ఎఫ్‌ఎస్‌సీకేని ఏమీ రాయకుండా కేవలం చదివేట్టు పెట్టి నడిపితే శుభ్రంగా వచ్చింది. మౌంట్ అయింది. మాన్యువల్లోనూ ఆ మాట ఉంది, తగ్గించాక తేడా వస్తే నష్టం లేకుండా మళ్లీ పెంచుకోవచ్చని. కాకపోతే మధ్యలో ఏదీ రాయకుండా ఉంటేనే. ఆ పిల్లోడు ఎంటర్ కొట్టుంటే, గీత అవతల ఉన్న ఫైళ్లన్నిటినీ చెడిపోయినవని తీర్మానించి కత్తిరించేసేది.

నా మాట వింటే, డిస్కు ఒకటి పోయి ఉన్న ఈ స్థితిలో మాత్రం కుదించడం జోలికి పోబాక.

కావలి_నోడ్

స్లాబుల_లెక్క తమ్ముడూ, నేను కావలి వాణ్నే, ప్రస్తుతం హైదరాబాదులో స్టోరేజీ పనే చేస్తున్నా. సైజులు, కమాండ్లు తర్వాత చూద్దాం. ఇవాళ చేయాల్సింది ఒకటే: ఆ తీసేసిన పాత డిస్కు ఎక్కడుందో వెతికి మళ్లీ పెట్టు.

సెక్టార్లు పోయిన డిస్కుని ఎందుకు పెట్టడం అంటావేమో. ఇప్పుడు నీ అర్రేలో ఒక్క డిస్కు పోవడానికి కూడా జాగా లేదు. మిగిలిన మూడూ అదే రోజు కొన్నవి, అదే వేడిలో, అదే గ్రానైట్ పొడిలో అన్నేళ్లు తిరిగినవి. వాటిలో ఏ ఒక్కదాంట్లో ఒక సెక్టారు చదవలేకపోయినా ఆ ముక్క తిరిగి కట్టుకోవడానికి నాలుగోది లేదు. ఇంట్లో వాడే హార్డ్ డిస్కులకి కంపెనీలు రాసే లెక్కే, 10 టు ద పవర్ 14 బిట్లు చదివితే ఒకటి దాకా చదవలేని చోటు రావచ్చని. అంటే 12.5 టీబీ. అది కంపెనీ ఒప్పుకునే హద్దు, ప్రతిసారీ వస్తుందని కాదు. అయినా 4 టీబీ డిస్కులు మూడు మొదటినుంచి చివరిదాకా చదివితే 12 టీబీ, ఆ హద్దుకి దాదాపు ఆనినట్టే. కుంటిదైనా నాలుగోది ఉంటే, రెండూ సరిగ్గా ఒకే చోట పాడైతే తప్ప ఇబ్బంది లేదు.

నువ్వు 2019లో మామూలుగా క్రియేట్ చేసి ఉంటే అంత పెద్ద డిస్కులకి ఇంటర్నల్ బిట్‌మ్యాప్ దానంతట అదే పెట్టి ఉంటుంది. కాబట్టి యాడ్ అనకుండా రీ-యాడ్ అను. అప్పుడు 4 టీబీ మొత్తం కట్టకుండా, ఈ రెండ్రోజుల్లో మారిన చోట్లు మాత్రమే సరిచేసుకుంటుంది. ఒకవేళ ఆ డిస్కు మీద సూపర్‌బ్లాకు (అది ఏ అర్రేదో చెప్పే వివరాలు) తుడిచేసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు, అప్పుడు వేరే దారి చూద్దాం.

రెండోది, ఆ 2.8 లోపల ఏముంది? ఫోటోలే అంటున్నావు గానీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఏ ఫోల్డరు ఎంతుందో చెప్పే డీయూ కొట్టి చూపించు.

ఇక ఒంగోలు_రూట్ చెప్పిన పద్ధతి తప్పు కాదు, నేనూ ఆ పని చేసి ఉన్నా, కానీ ఇక్కడ దాని అవసరం ఏముంది? కుదించడమంటే రీసైజ్2ఎఫ్‌ఎస్ ఆ గీత అవతలున్న ప్రతి బ్లాకునీ ఎత్తి ఇవతల పెట్టుకుంటూ పోవడం. సగం చచ్చిన డిస్కులతో గంటలకొద్దీ ఆ చాకిరీ, తర్వాత నాలుగు సార్లు రీబిల్డ్, ప్రతి రీబిల్డూ ప్రాణం మీదికే. పోర్టు ఒకటి ఎక్కువుంటే రీప్లేస్ ఆప్షన్‌తో పాతది ఉండగానే కొత్తది నింపుకోవచ్చు, నీకు ఆ పోర్టూ లేదు. అన్నీ సవ్యంగా జరిగినా, చివరికి నీ దగ్గర మిగిలేది ఒకే ఒక్క కాపీ.

స్లాబుల_లెక్క

అన్నా, డిస్కు దొరికింది, టేబులు సొరుగులో పెట్టి ఉంచా. ఏమీ తుడవలేదు. పెట్టి రీ-యాడ్ అన్నా, నిజంగానే అరగంటలోపే అయిపోయింది! నాలుగు డిస్కులూ బాగున్నాయని నాలుగు యూలు వరసగా కనపడుతుంటే రెండ్రోజుల తర్వాత అన్నం సయించింది.

డీయూ సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫోటోలు, టాలీ బ్యాకప్పులు, బిల్లుల స్కాన్లు, డ్రోన్ వీడియోలు అన్నీ కలిపి 1.6. మిగతా 1.2 సీసీటీవీ. నాలుగు కెమెరాలు, పదిహేను రోజులు నిలవ, పాతది పోతూ కొత్తది వస్తుంటది. క్వారీ దారి, గేటు, యార్డు, కట్టింగు మిషన్ల దగ్గర. డిస్కు జాగా ఖాళీగా ఉంది కదా అని అప్పట్లో నేనే దీంట్లోకి మళ్లించా.

కావలి_నోడ్

అనుకున్నా. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకో, సెకనుకి 1 ఎంబీ, రోజుకి 86 జీబీ, పదిహేను రోజులకి దగ్గర దగ్గర 1.3 టీబీ. డీఎఫ్ వాడు 1024 లెక్కన చూపిస్తాడు కాబట్టి అది 1.2గా కనపడుతుంది. నీ 2 టీబీ డిస్కు 1.8గా కనపడేదీ అందుకే, మీ సారు నాలుగు రెండ్లు ఎనిమిది అన్నది పెట్టె మీది లెక్క.

సీసీటీవీని కొత్త ఎస్ఎస్డీల మీదికి తేవద్దు. రాత్రీ పగలూ ఆగకుండా రాస్తూ ఉంటుంది, పదిహేను రోజుల తర్వాత ఎవరికీ అక్కర్లేదు. దానికి ఒక హార్డ్ డిస్కు, డీవీఆర్‌లోనో ఇంకో పెట్టెలోనో, రెయిడ్ లేకుండా పడెయ్యి. ఈ నాలుగు పాతవాటిని మాత్రం దానికి వాడకు, వాటికి వేరే పని ఉంది.

అంటే మోయాల్సింది 1.6. ఇప్పుడు దారి సులువైంది. ఆఫీసులో నాలుగు సాటా పోర్టులున్న ఇంకో డెస్క్‌టాప్ ఒక రోజుకి ఇవ్వమను. లైవ్ యూఎస్‌బీతో లినక్స్ లేపి, నాలుగు ఎస్ఎస్డీలూ అందులో పెట్టి కొత్త అర్రే కట్టు. ఎండీఆడమ్ తన వివరాలన్నీ డిస్కుల మీదే రాసుకుంటుంది కాబట్టి తర్వాత వాటిని పీకి నీ సర్వర్లో పెడితే, ఏ డిస్కు ఏ పోర్టులో పెట్టావన్నది కూడా పట్టించుకోకుండా లేస్తుంది. డిస్కు మొత్తం ఇచ్చేయకుండా పార్టిషన్ చేసి చివర ఒక జీబీ వదిలెయ్యి, రేపు ఇంకో కంపెనీ 2 టీబీ తెస్తే అది నాలుగు సెక్టార్లు తక్కువున్నా ఇవాళ్టి గొడవ మళ్లీ రాదు. మధ్యలో ఈసారి ఎల్వీఎం పెట్టు.

తర్వాత ఆర్‌సింక్, అంటే తేడా ఉన్నవి చూసి కాపీ చేసే కమాండు. పర్మిషన్లు, లింకులు, ఏసీఎల్‌లు అన్నీ వచ్చేట్టు, ఇంకా యూజర్ పేర్లు కాకుండా నంబర్లు అట్లాగే దిగేట్టు న్యూమరిక్ ఐడీల ఆప్షన్ పెట్టు. లైవ్ సిస్టమ్‌లో మీ యూజర్లు ఉండరు కాబట్టి ఇది మర్చిపోతే సాంబా షేర్లన్నీ (ఆఫీసు కంప్యూటర్లు తెరిచే ఫోల్డర్లు) అస్తవ్యస్తం అవుతాయి. గిగాబిట్ లైను సరిగ్గా ఉంటే సెకనుకి 110 ఎంబీ వస్తుంది, నాలుగున్నర గంటల పని అది, చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకా పడుతుంది. మొదటి దఫా ఆఫీసు నడుస్తుండగానే చెయ్యి, ఎవరినీ ఆపక్కర్లేదు. చివర్లో పని అయిపోయాక షేర్లు మూసి రెండో దఫా కొడితే మారినవి మాత్రమే వస్తాయి. ఆ తర్వాత చెక్‌సమ్ ఆప్షన్‌తో ఉత్తుత్తి పరుగు ఒకటి, అంటే ఏమీ కాపీ చేయకుండా రెండు వైపులా చదివి తేడాలు మాత్రం చెప్పేది. అది ఖాళీగా వస్తేనే పాతవి పీకు.

పీకిన నాలుగు హార్డ్ డిస్కులూ చెక్కుచెదరకుండా ఉంటాయి. అదే నీ వెనక్కి తిరిగే దారి. ఫైల్ సిస్టమ్ కుదిస్తే ఆ దారి ఉండదు, నేను వద్దనేది అందుకే. వాటిని రెండు నెలలకోసారి పెట్టి కొత్తవి కాపీ చేసుకుంటే బ్యాకప్ కూడా అవుతుంది, సెక్టార్లు పోయింది ఒకటుంది కాబట్టి దాని మీదే భారం వేయకుండా వేరే బ్యాకప్ కూడా చూసుకో.

ఒంగోలు_రూట్

ఇంకో మిషన్ దొరికితే ఇదే బెటర్, ఒప్పుకుంటున్నా. అడిగిన ప్రశ్నకి నేను సమాధానం చెప్పా, అడగని ప్రశ్నకి ఆయన చెప్పారు :)

కొత్తది రెయిడ్ 5 పెడతావా, రెయిడ్ 10 (డిస్కులు జతలుగా, ఒకదాని కాపీ ఇంకోదాంట్లో) పెడతావా? నాలుగు రెండ్లకి రెయిడ్ 5 అయితే 5.4, రెయిడ్ 10 అయితే 3.6. నేనైతే రెయిడ్ 5 పెడతా. ఎస్ఎస్డీలకి స్పీడు ఎట్లాగూ ఉంది, జాగా ఎందుకు వదులుకోవడం?

కావలి_నోడ్

హార్డ్ డిస్కులయితే నేనూ అదే అనేవాణ్ని. ఎస్ఎస్డీలతో ఒక తిరకాసు ఉంది. రెయిడ్ 5 మీద ట్రిమ్ కమాండుని (ఈ చోటు ఖాళీ అయిందని ఎస్ఎస్డీకి చెప్పేది) లినక్స్ మామూలుగా కిందికి పంపదు. తుడిచిన చోటు సున్నాలుగానే చదవబడుతుందని డిస్కు గట్టిగా హామీ ఇవ్వకపోతే పారిటీ (పోయిన డిస్కుని తిరిగి కట్టే) లెక్క తప్పుతుందని భయం, కాబట్టి కెర్నల్ మాడ్యూల్లో ఒక స్విచ్ మనమే వేస్తే తప్ప ఆ దారి మూసే ఉంటుంది. రెయిడ్ 1కీ 10కీ ఆ గొడవ లేదు, వారానికోసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిస్తే చాలు. పైగా రెయిడ్ 5లో చిన్న ముక్క మార్చినా పారిటీ కూడా మార్చాలి, అరుగుదల ఎక్కువ. ఒకటి పోయినప్పుడు రెయిడ్ 10లో దాని జత ఒక్కదాన్నే చదివితే సరిపోతుంది. ఆరేళ్లలో 1.6 పేర్చినవాడికి 3.6 అంటే ఇంకో ఆరేళ్లు ఢోకా లేదు.

ఒక్క సంగతి, నాలుగూ ఒకే రోజు ఒకే పెట్టెలో వచ్చిన ఒకే మోడల్. ఒకే తీరుగా అరుగుతాయి. వీలైతే ఆరు నెలల తర్వాత రెండిటిని వేరే కంపెనీవాటితో మార్చు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారో కూడా చూడు, చీమకుర్తి కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు.

సింగరాయకొండ_సైడింగ్

మధ్యలో దూరుతున్నా, మా ఆక్వా ల్యాబులో ఇదే పరిస్థితి గానీ మాది ఎక్స్‌ఎఫ్‌ఎస్. ఇంకో పెట్టెలో జెడ్‌ఎఫ్‌ఎస్ రెయిడ్‌జెడ్ కూడా ఉంది. వాటికీ కుదించే దారి ఉందా?

ఒంగోలు_రూట్

ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెరుగుద్ది, ఇట్లాంటి పనికి సరిపడా తగ్గదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ డంపో ఆర్‌సింకో చేసి కొత్తదాంట్లో పోసుకోవడమే. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రీప్లేస్‌కి చిన్న డిస్కు ఇస్తే సైజు చాలదని తోసేస్తుంది, రెయిడ్‌జెడ్‌ని కుదించడమూ కుదరదు, కొత్త పూల్ కట్టి స్నాప్‌షాట్ తీసి సెండ్, రిసీవ్. నడుస్తుండగా కుదించనిచ్చేది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఒకటి. నీదేదో వేరే పోస్టు పెట్టు, ఇక్కడ కలిపితే గందరగోళం అవుద్ది.

స్లాబుల_లెక్క

అయిపోయింది! ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, కంటెయినర్ వెళ్లిందాకా తల ఎత్తలేదు.

జరిగింది జరిగినట్టు చెప్తా. కాంటా దగ్గరుండే కంప్యూటర్‌ని బుధవారం మధ్యాహ్నం బతిమాలి తెచ్చుకున్నా, కాంటా అబ్బాయి రెండు రోజులు చీటీలు చేత్తో రాశాడు, వాడికి బిరియాని బాకీ. రెయిడ్ 10 కట్టి ఆర్‌సింక్ మొదలుపెడితే సెకనుకి 11 ఎంబీ. ఎంత సేపు చూసినా 11. ఎస్ఎస్డీలు నకిలీవేమోనని కూడా అనుమానం వచ్చింది. తీరా చూస్తే మధ్యలో ఉన్న స్విచ్ ఆఫీసు కట్టినప్పటిది, 100 ఎంబీపీఎస్. అట్లాగే వదిలేస్తే దగ్గర దగ్గర రెండు రోజులు. రెండు కంప్యూటర్లలోనూ ఇంకో నెట్‌వర్క్ పోర్టు లేదు, కాబట్టి సాయంత్రం అందరూ వెళ్లాక స్విచ్ తప్పించి ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా కేబుల్ వేసి ఐపీలు చేత్తో ఇచ్చా. అప్పుడు 105 దాకా వెళ్లింది. డ్రోన్ వీడియోలు గబగబా పోయాయి, థంబ్‌నెయిల్ ఫోల్డర్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ నత్తనడక. మొత్తం పదమూడు గంటలు. పొద్దున కాసేపు ఆఫీసువాళ్లకి ఫోటోలు అందలేదు, తిట్లు తిన్నా.

కావలి అన్నకి ఒక విషయం చెప్పాలి. కాపీ నడుస్తున్నప్పుడు కెర్నల్ మెసేజీలు తెరిచి పెట్టుకున్నా. తెల్లారుజామున మూడింటప్పుడు రీడ్ ఎర్రర్ కరెక్టెడ్ అని 8 సెక్టార్ల లైను ఒకటి, కాసేపటికి ఇంకో రెండు వచ్చాయి. అవి వచ్చింది పాడైన డిస్కు మీద కాదు, నేను బ్రహ్మాండంగా ఉందనుకుంటున్న మూడోదాని మీద! స్మార్ట్‌లో దానికి ఒక్క సెక్టారు కూడా పోయినట్టు ఉండేది కాదు. ఆ రోజు మీరు చెప్పకపోతే ఆ కుంటి డిస్కు సొరుగులోనే ఉండేది, ఆ మూడు చోట్లున్న ఫైళ్లు పోయేవి. ఒంగోలు అన్న పద్ధతిలో మొదటి రీబిల్డు పెట్టుంటే సరిగ్గా అక్కడ ఆగిపోయేది అనుకుంటా.

గురువారం రాత్రి ఎనిమిదింటికి షేర్లు మూసి రెండో దఫా కొడితే పదకొండు నిమిషాలు. చెక్‌సమ్ పరుగు ఆరు గంటలు పట్టింది, ఖాళీగా వచ్చింది. ఆ ఆరు గంటలు ఫ్యాక్టరీలోనే పడుకున్నా. ఎస్ఎస్డీలు సర్వర్లోకి మార్చి ఆన్ చేస్తే అర్రే కనపడలేదు, గుండె ఆగినంత పనయింది. చూస్తే ఎండీ0 అని కాకుండా ఎండీ127 అన్న పేరుతో లేచి ఉంది.

కావలి_నోడ్

అది నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. వేరే మిషన్లో కట్టావు కదా, దాని మీద ఆ మిషన్ పేరు రాసి ఉంటుంది, నీ సర్వరు దాన్ని పరాయిదనుకుని 127 నుంచి నంబరిస్తుంది. ఎండీఆడమ్ కాన్ఫిగ్ ఫైల్లో పాత అర్రే లైను తీసి, స్కాన్ చేస్తే వచ్చే కొత్త లైను పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు మొదట లేచేది) అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. మౌంట్ల పట్టీ ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ పేరు కాకుండా దాని మారని గుర్తింపు నంబరు యూయూఐడీ రాయి.

స్లాబుల_లెక్క

రాశా అన్నా, సరిగ్గా అదే చేశా, ఉబుంటు వాళ్ల పాత పోస్టు ఒకటి దొరికింది. కంటెయినర్ శుక్రవారం సాయంత్రం చెన్నై బయల్దేరింది.

పాత డిస్కులకి 1, 2, 3, 4 అని స్లాబుల మీద నంబర్లేసే పసుపు పెయింటుతోనే రాసి, బబుల్ కవర్లో చుట్టి సారు రూములో బీరువాలో పెట్టా. కుంటిదాని మీద ఇంటూ మార్కు కూడా వేశా. నిన్న సారు బీరువా తెరిచి, "ఇవి నాలుగూ అమ్మేస్తే ఎంతొస్తదయ్యా?" అని అడిగారు.

మూలాపేట_కెమెరా

బీరువా తాళం నీ దగ్గర పెట్టుకో అబ్బయ్యా.